డాప్లర్ సుప్రభాతం

తెల్లవారుజాము నాలుగున్నర. మా అక్క కూతురు ఫిజిక్స్ పుస్తకం పట్టుకుని హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి బాల్కనీలోకి తిరుగుతూ డాప్లర్ ఎఫెక్ట్ వల్లెవేస్తోంది. సీనియర్ ఇంటర్, ఎంపీసీ. ఎనిమిది మార్కుల ప్రశ్నట, లెక్చరర్ మూడు స్టార్లు పెట్టాడట. సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచి ఇదే సుప్రభాతం. పక్కమీద పడుకున్న నాకు ఫార్ములా వచ్చేసింది. తిరిగే పిల్లకే ఇంకా రాలేదు.

పుస్తకం తీసి చూద్దును కదా, మంగళస్నానానికి కూర్చున్న పెళ్ళికూతురిలా ఒళ్ళంతా పసుపు! హైలైటరట. నిర్వచనానికి పసుపు, ఫార్ములాకు ఆకుపచ్చ, పోయినేడు వచ్చిన ప్రశ్నకు గులాబీ, రెండుసార్లు వచ్చినదానికి గులాబీ మీద నారింజ. ఒక పేజీ అడుగున రంగు తగలని వాక్యం ఒక్కటి కనిపించింది. "పాపం, దీన్నెందుకు వదిలేశావే?" అన్నాను. "అయ్యో, చూసుకోలేదు మామయ్యా" అంటూ దాన్నీ పులిమేసింది. పెన్నుల సెట్టు నెల తిరక్కుండా అయిపోతుంది. కొనేది నేను. అన్నీ ముఖ్యమే అయినప్పుడు పుస్తకాన్ని పసుపు కాగితం మీదే అచ్చేస్తే పోలా? తెలుగు అకాడమీ వాళ్ళు ఆలోచించాలి.

ఇలా చదివిందే చదివితే ఎంత గుర్తుంటుందో 2006లో రోడిగర్, కార్పికీ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థుల మీద పరీక్షించి చూశారు. చదివిందే మళ్ళీ చదివినవాళ్ళు ఐదు నిమిషాల తర్వాత ముందున్నారు. చదివి, మూసి, గుర్తుతెచ్చుకుని రాసినవాళ్ళు వారం తర్వాత ముందున్నారు. ఇదంతా చెబితే, "అయితే పరీక్ష హాలు గేటు దాకా చదువుకుంటూ వెళ్తే సరిపోతుందిగా మామయ్యా!" అంది.

అంతలో వీధిలో అంబులెన్సు. వస్తున్నప్పుడు కూత కీచుగా, దాటగానే బొంగురుగా. "విన్నావా! డాప్లర్ అంటే అదేనే!" అన్నాను. తలెత్తకుండా, "అది కూడా ఇంపార్టెంటా?" అంది.

నవ్వాను గానీ మనసొప్పలేదు. డాప్లర్ చెప్పింది నిజమో కాదో తేల్చడానికి 1845లో హాలెండులో బాయిస్ బాలట్ అనే శాస్త్రవేత్త రైలు మీద బాకాలు ఊదేవాళ్ళను ఎక్కించి, పట్టాల పక్కన స్వరజ్ఞానం ఉన్నవాళ్ళను నిలబెట్టాడు. మా పిల్లకు కిటికీ తీస్తే చాలు, తీసే తీరిక లేదు. స్లిప్ టెస్టుకీ వీకెండ్ టెస్టుకీ మధ్య 'ఎందుకు' అని అడిగితే టైము వేస్టని నేర్పింది మనమే కదా.

అమ్మానాన్నలకూ, నాలాంటి మేనమామలకూ ఒక మనవి. ఈ నెల రంగు పెన్నులు మానేసి తెల్లకాగితాలు కొనండి. పిల్లలు వాటి మీద రాసేంతసేపూ పుస్తకం మీ దగ్గర పెట్టుకోండి.