సప్తలేయరీయం – టీకా తాత్పర్య సహితం

మూలం: “ఓఎస్ఐ మోడల్‌లో లేయర్లెన్ని? అవి యేవి?”

అవతారిక: అమీర్‌పేటలో కోచింగ్ ముగించి ఉద్యోగార్థియై వచ్చిన శిష్యుణ్ణి, ఏసీ గదిలో కుర్చీ వెనక్కి వాల్చుకున్న పరీక్షకుడు అడిగిన సూత్రమిది. ఆయనా ఒకప్పుడు దీనికే జవాబు చెప్పి లోపలికొచ్చినవాడు. కనుక సంప్రదాయం అవిచ్ఛిన్నం.

ప్రతిపదార్థం: ఫిజికల్ మొదలు అప్లికేషన్ దాకా ఏడింటి అర్థమూ ప్రతి గైడులోనూ ఉంది. విడిచాం.

వ్యాఖ్య: ఈ ఏడు పొరలను ఐఎస్ఓ 1984లో ప్రమాణంగా వెలువరించింది. ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ 1983 జనవరి 1నే టీసీపీ/ఐపీకి మారిపోయి ఉంది. నేటి ఇంటర్నెట్ నడిచేది ఆ రెండో దారినే. అందులో సెషన్, ప్రెజెంటేషన్ పొరలకు విడిగా చోటు లేదు. ఆ పనులు అప్లికేషన్లే చూసుకుంటాయి. అయినా వాటి పేర్లు మరచిన శిష్యుడు ఫెయిలు.

శంక: డేటాను గుప్తపరిచే టీఎల్ఎస్ ఏ పొరది? ఐదని కొందరు, ఆరని కొందరు, రెంటికీ చెందదని మరికొందరు. ఎవరు నెగ్గినా ప్యాకెట్ దారి మారదు.

విశేషం: అప్రస్తుతం రాయనని సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత కొలచల మల్లినాథ సూరి ప్రతిజ్ఞ పట్టాడు. మేము పట్టలేదు. కనుక 1986 అక్టోబరు ముచ్చట. కాలిఫోర్నియాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబుకూ, బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య దూరం నాలుగు వందల గజాలు. సెకనుకు 32 వేల బిట్లు పోయే ఆ దారిలో ఒకనాడు 40 బిట్లే పోసాగాయి. తీగ తెగలేదు, యంత్రం చెడలేదు. అవతలివాడు ఎంత పట్టగలడో చెప్పే ఏర్పాటు టీసీపీలో అప్పటికే ఉంది. నడుమ దారి ఎంత మోయగలదో చెప్పే నాథుడే లేడు. అందిందన్న కబురు ఆలస్యమైతే ప్రతి యంత్రమూ పంపిందే మళ్లీ పంపింది. పెళ్లి బంతిలో పప్పు రాలేదని అందరూ ఒక్కసారే కేకలేస్తే వడ్డించేవాడి గతేమిటి? అదే అయింది. వాన్ జాకబ్సన్ అనే మహానుభావుడు దీన్ని శోధించి, 1988లో మార్గం రాశాడు: ముందు కొద్దిగా పంపు, అందిన కబురు వచ్చేకొద్దీ పెంచు, పోయిందని తెలిస్తే వెంటనే తగ్గు. ఎవడూ పైనుంచి శాసించడు. ఎవడికి వాడు తగ్గుతాడు, దారి అందరికీ మిగులుతుంది. ఎంత మర్యాద! దీనిమీద ఇంకా చాలా ఉంది. చిన్నచిన్న ప్యాకెట్లతో దారి నింపవద్దన్న జాన్ నేగుల్ 1984 నాటి ఉపాయం సంగతి...

ఇంతకూ సూత్రమేది? ఆ, లేయర్లు.

ఆక్షేపణ: ఒక ఆఫీసులో కళ్లారా చూసిన సంగతి. వైఫై గుర్తు నిండుగా ఉంది, ఒక్క సైటూ తెరుచుకోదు. ఏడు పొరలూ తలకిందులుగా సైతం అప్పజెప్పగల కుర్రవాడు రౌటర్‌ను పదేపదే ఆపి మళ్లీ వేస్తున్నాడు. పక్కనున్న పెద్దాయన ‘పింగ్ 8.8.8.8’ అని కొట్టాడు. జవాబు వచ్చింది. దారి బాగుంది, పేరు చెబితే అంకెలిచ్చే డీఎన్ఎస్ సర్వరే పలకడం లేదు. దాన్ని మార్చాడు, సైట్లు తెరుచుకున్నాయి. కుర్రవాడి తప్పేం లేదు. ఫీజు తీసుకున్నవాళ్లు వాడిచేత వల్లె వేయించారు గానీ, కమాండ్ ప్రాంప్ట్ తెరిపించలేదు. ఎందుకంటే ఇంటర్వ్యూలో అది అడగరు.

పూర్వపక్షం: “పొరలుగా చెప్పకపోతే పిల్లలకు ఎక్కదు గదా?” చెప్పండి, కాదనం. మీ పేజీ, దాన్ని మోసే టీసీపీ సెగ్మెంటు, దానిపై ఐపీ చిరునామా, దానిపై వైఫై ఫ్రేము, ఒకదానిలో ఒకటి ఎలా దూరాయో వైర్‌షార్క్‌లో ఒక ప్యాకెట్ విప్పి చూపండి. పది నిమిషాల పని. గైడులో బొమ్మ గీసి, పేర్లు బట్టీ పట్టించి, దాన్నే ఫండమెంటల్స్ అనడం మటుకు మోసం.

తాత్పర్యం: పరీక్షకులారా, లేయర్లెన్ని అని ఇక అడగకండి. ‘సైటు తెరుచుకోవడం లేదు, మొదట ఏం చూస్తావు?’ అని అడగండి. కోచింగ్ సెంటర్లు మరుసటి బ్యాచ్‌కే అది నేర్పుతాయి.