ఒంట్లో ఓపిక ఖర్చు కాకుండా బతకడం ఎలా?

మిమ్మల్ని ఎవరైనా బద్ధకస్తులంటే కోప్పడకండి. ఆ లెక్క మీది కాదు, మీ కాళ్లది. మనిషిని తన మానాన వదిలేస్తే గంటకు నాలుగున్నర, ఐదు కిలోమీటర్ల వేగంతో నడుస్తాడు. అంతకన్నా జోరు పెంచినా, తగ్గించినా కిలోమీటరుకయ్యే ఖర్చు పెరుగుతుంది. ఎవరూ నేర్పకుండానే కాళ్లు ఆ చౌకబేరం దగ్గర కుదురుకుంటాయి. కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయం వాళ్లు మోకాళ్లకు యంత్రాలు కట్టి, అలవాటైన అడుగే ఖరీదయ్యేలా చేసి చూశారు. 2015లో ఆ సంగతి అచ్చయింది. చౌక అడుగు రుచి చూశాక మనుషులు నిమిషాల్లో నడక మార్చేసుకున్నారట. తీరా మిగిలింది నూటికి ఐదు పాళ్లు కూడా లేదు. అంతటి పిసినారి మన ఒంట్లోనే కాపురం ఉన్నప్పుడు, ఆయనకు చేతనైన సాయం చేయడం దర్శి రైతు సోదరుల ధర్మం.

ముందు బండి. ఇల్లు గడియార స్తంభం సెంటరుకు కూతవేటు దూరంలో ఉన్నా బండి మీదే రండి. టీ కొట్టు ముందు దిగొద్దు, స్టాండు వేయొద్దు. ఒక కాలు నేలకు ఆనించి గ్లాసు అందుకోవడం మనలో చాలామందికి పట్టుబడ్డ విద్యే. 60 కిలోల మనిషి కిలోమీటరు నడిస్తే సుమారు 50 కేలరీలు పోతాయి. గ్లాసులో కలిపే రెండు చెంచాల పంచదార అందులో ఓ 40 దాకా తిరిగి ఇచ్చేస్తుంది. మీరు అసలు నడవనే లేదు కాబట్టి ఆ 40 నికరంగా నిల్వలో చేరుతుంది. ఏడాది తిరిగేసరికి ఎంత కూడబెట్టారో ప్యాంటు నడుమే చెబుతుంది. షుగరు పరీక్ష కాగితం కూడా చెబుతుంది గానీ, అది చదవాలంటే కళ్లజోడు వెతకాలి. వెతకాలంటే లేవాలి.

రాత్రిపూట కరెంటిచ్చే రోజుల్లో టార్చిలైటు పట్టుకుని బోరు దాకా పోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఆటో స్టార్టరుంది, మంచం దిగకుండానే మోటారు తిరుగుతుంది. చీకట్లో, పాములు తిరిగే గట్ల మీద ఆ నడక తప్పినందుకు నేనూ చేతులెత్తి మొక్కుతాను. కానీ అక్కడితో ఎందుకు ఆగడం? పొద్దున్నే తోట చూడ్డానికి కూడా వెళ్లకండి. 2021లో నల్ల తామరపురుగు మిరప పూతలో దూరినప్పుడు పువ్వు విప్పి చూసినవాళ్లకే కదా అది కనబడింది! చూడనివాళ్లు ఆ నాలుగు రోజులైనా నిశ్చింతగా పడుకున్నారు.

అడ్డదారి విషయంలో మొహమాటం పనికిరాదు. చదరంగా ఉన్న ఎకరం చెక్కలో ఒక మూల నుంచి ఎదురు మూలకు గట్ల మీదుగా పోతే 127 మీటర్లు. చేనుకు అడ్డం పడితే 90. ఒక్క విడతకే 37 మీటర్ల లాభం, పక్కవాడి చేనయితే ఇంకాస్త. వాన పడ్డ మర్నాడు మాత్రం నల్లరేగడి ఈ లెక్కకు ఒప్పుకోదు. పది అడుగులు వేసేసరికి చెప్పుల కింద మరో జత చెప్పులంత మట్టి అంటుకుంటుంది. పాదానికి అంటిన కిలో, నడుముకు కట్టుకున్న కిలో కన్నా కొన్ని రెట్లు ఎక్కువ ఓపిక తినేస్తుంది. అడుగడుగునా దాన్ని ఎత్తాలి, ముందుకు విసరాలి, మళ్లీ ఆపాలి. కాలి కింద నేల దిగబడితే ఆ ఖర్చు వేరే. అందుకే కూలికొచ్చే ఆడవాళ్లు చెప్పులు చేతబట్టుకుని, చుట్టు తిరిగి గట్టు మీదుగానే వస్తారు. సాగర్ కుడికాలువ కూడా అంతే. ఎత్తు తగిలినచోట ఎక్కబోకుండా పల్లం వెతుక్కుంటూ, వంకర్లు తిరుగుతూ మన దాకా వచ్చింది. మీరు వీళ్లెవర్నీ చూసి నేర్చుకోకండి. మీరు జామెట్రీ చదివారు.

చేతులు వెనక్కి కట్టుకుని నడిచే అలవాటుంటే అది ఒక్కటీ మానొద్దు. చేతులు ఊపకుండా బిగబట్టి నడిస్తే ఖర్చు 12 శాతం పెరుగుతుందని 2009లో అమెరికా పరిశోధకులు కొలిచి చెప్పారు. కావచ్చు. పెద్దరికం ఊరికే వస్తుందా?

అసలు పొదుపంతా కోతల్లో ఉంది. మీ ఓపిక మిగలాలంటే ఇంకొకరిది ఖర్చు కావాలి, వేరే దారి లేదు. నడుం వంచకుండా కోసే మిరప మన నేలల్లో ఇంకా పండలేదు. కాబట్టి వేపచెట్టు కింద కుర్చీ వేయించుకుని, సాలు వదిలేస్తున్నారని అక్కణ్ణుంచే కేకలేయండి. కేకకు పెద్దగా కేలరీలు పోవు. పండు కాయ గంపలకెత్తి కల్లానికి మోసేవాళ్లూ, ఎండుకాయ బస్తాలు, అదే టిక్కీలు, గుంటూరు మిర్చి యార్డుకు లారీకెత్తే ముఠావాళ్లూ మోతకూలి పెంచమని అడుగుతారు. అప్పుడు మీకు సైన్సు అండగా ఉంది. కెన్యాలో లువో ఆడవాళ్లు తలమీద పెట్టుకుని, కికుయు ఆడవాళ్లు నుదుటి పట్టీకి తగిలించుకుని, తమ ఒంటి బరువులో ఐదో వంతు దాకా మోసుకుంటూ నడిచినా అదనంగా ఏమీ ఖర్చు కాలేదని 1986లో నేచర్ పత్రికలో అచ్చయింది. ఖర్చే లేనిదానికి కూలేంటని అడగండి. 50 కిలోల మనిషికి ఐదో వంతంటే 10 కిలోలు. అది దాటాక నెత్తికెక్కిన బరువుకు తగ్గట్టే ఖర్చు పెరుగుతూ పోతుందని ఆ వ్యాసంలోనే ఉంది. టిక్కీ అయితే 40 కిలోల పైమాటే. అందుకని ముఠావాళ్లకు చదివి వినిపించేటప్పుడు ఐదో వంతు దాకా గట్టిగా చదవండి. తర్వాతి వాక్యం రాకముందే ఫోనొచ్చినట్టు చెవికి పెట్టుకుని పక్కకు జరగండి.