మూడో పాట

ఈమధ్య నేను విన్న తెలుగు క్రైస్తవ ఆల్బముల్లో ఇంతగా మనసు పట్టుకున్నది మరొకటి లేదు. ఆరు పాటలు, ఒక్కటే గొంతు. పాడిన అమ్మాయిది గోదావరిఖని. తండ్రి బొగ్గుబాయిలో డ్రిల్లర్‌గా పనిచేసి కిందటేడు దిగిపోయాడు.

ఇప్పుడొస్తున్న పాటల్లో కీబోర్డు హోరు, ప్యాడ్ల మోత ఎక్కువ. పాడేవాళ్లకు ఊపిరి తీసుకునే జాగా కూడా మిగలదు. ఈ అమ్మాయి హార్మోనియం, వేణువు, తబలా, ఈ మూడింటితోనే సరిపెట్టుకుంది. మనకు ఇది కొత్త దారేమీ కాదు. పురుషోత్తమ చౌదరి (1803–1890) కర్ణాటక రాగాల్లోనే క్రీస్తు కీర్తనలు కట్టారు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ తెరిస్తే పాట పైన రాగమూ తాళమూ అచ్చేసి ఉంటాయి. ఇల్లెందు బొగ్గు కోసం రైలు దారి చీలిన డోర్నకల్‌కు 1912లో బిషప్ అయిన అజరయ్య కూడా ఆరాధనలో మన బాణీలే వినిపించాలని కోరుకున్నారు. తర్వాతి కాలంలో ఎ.ఆర్. స్టీవెన్‌సన్ వంటివారు తామే రాసి, తామే బాణీ కట్టి, తామే పాడి ఆ పాటల్ని ఇంటింటికీ చేర్చారు. ఈ అమ్మాయి గొంతులో ఆ పాతా ఈ కొత్తా రెండూ వినిపిస్తాయి.

మూడో పాట శివరంజనిలో ఉంది. శివరంజని అనగానే చాలామంది ఏడుపు గొంతు పెట్టేస్తారు. ఈమె పెట్టదు. పల్లవి మామూలు మాటల్లా, ఎదురుగా కూర్చున్న దేవుడితో మాట్లాడుతున్నట్టే మొదలవుతుంది. రెండో చరణం చివర పై షడ్జం దగ్గరికి వచ్చేసరికి తబలా ఆగిపోతుంది. వేణువూ ఆగిపోతుంది. అక్కడ గొంతెత్తి అరవడం తేలిక, చప్పట్లూ పడతాయి. ఈమె మాత్రం గొంతును దారంలా పలచన చేస్తూ పోతుంది. తెగిందేమో అనుకుంటాం. తెగదు. మెల్లగా కిందికి దిగి పల్లవిని అందుకున్నాక తబలా మళ్లీ కలుస్తుంది. ఆ కాసేపు గుడికి వెళ్లే అలవాటు లేనివాడికి కూడా ప్రార్థన అంటే ఏమిటో తెలుస్తుంది.

ఆ మాట చెప్పి రావాలని మార్కండేయ కాలనీలో వాళ్లింటికి వెళ్లాను. అమ్మాయి హైదరాబాద్‌లో ఉంది. వాళ్లమ్మ చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది. తండ్రి నా కుర్చీని తన కుర్చీకి ఆనించేదాకా జరిపి, “ఇటు దగ్గరికి రాండ్రి సారూ” అన్నాడు.

అక్కడికి వచ్చేముందు చౌరస్తాలో చాయ్ తాగుతుంటే ఆయన గురించి వేరే మాటలు చెవిన పడ్డాయి. “బిడ్డ నోటికాడి నౌకరి పోగొట్టిండు” అన్నాడొకాయన. బొగ్గు ఊళ్లలో ఇది చిన్న మాట కాదు. సింగరేణిలో వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత కారుణ్య నియామకాల పేరుతో దారి తెరుచుకుంది. సర్వీసు ఉండగానే తండ్రి మెడికల్ బోర్డులో అన్‌ఫిట్ అయితే బిడ్డకు నౌకరి. దానికోసం కొత్తగూడెం ఆస్పత్రి చుట్టూ తిరిగినవాళ్లు ఎందరో. ఈయన బోర్డు మొఖమే చూడలేదట, చివరి రోజుదాకా డ్యూటీ చేశాడట. “పాటలు బువ్వ పెడ్తయా?” అని ఇంకొకాయన అందుకున్నాడు.

ఇంట్లో ఆయన స్పీకరు పెట్టాడు. చప్పుడు బాగా పెంచాడు. మూడో పాట మొదలవగానే తొడ మీద తాళం వేశాడు. ఒక్క దెబ్బ తప్పలేదు. చరణం చివర తబలా ఆగిన చోట ఆయన చెయ్యి కూడా ఆగింది. కళ్లు స్పీకరు మీంచి నా ముఖం మీదికి వచ్చాయి. పాట అయ్యేదాకా అక్కడే ఉన్నాయి.

“ఎట్లుంది సారూ?” అన్నాడు. చెప్పాను. పల్లవి గురించి, ఆ దిగడం గురించి, గొంతు పలచన చేసిన తీరు గురించి. ఆయనకు చాలలేదు. “అక్కడ దమ్ము ఎట్ల పట్టింది? మాట మంచిగ పలికిందా?” అని తవ్వి తవ్వి అడిగాడు. అన్నిటికీ జవాబు చెప్పి, “మీకు ఏ చోటు బాగా నచ్చింది?” అన్నాను.

ఆయన వంటింటి వైపు ఒకసారి చూశాడు.

“తబలా అందుతది సారూ. బిడ్డ గొంతు అందక ఏడేండ్లాయె. డ్రిల్లు పట్టీ పట్టీ సన్న గొంతులు ముందుగాల పోయినయ్. కొత్త పాట నేర్చినప్పుడల్లా నా ముంగట కూసోని పాడేది. దాని మొకం చూసుకుంట తల ఊపేటోన్ని. ఇంట్ల ఆమెకు ఎరుకే. బిడ్డకు తెల్వదు.”

“మరి బోర్డుకు పోతే...”

“పోతే అన్‌ఫిట్ చేద్దురు. నా నౌకరి దానికి వచ్చు. చేరమని మా వాళ్లే పట్టుబడుదురు. ఆ దుమ్ముల ఆ గొంతు ఎన్నొద్దులుంటది సారూ?”

ఏమనాలో తోచక ఊరుకున్నాను. ఆయనే నా చెయ్యి పట్టుకుని ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నాడు.

“మీది మోటు గొంతు, మంచిగ అందుతంది. ఆ తబలా ఆగినకాడ నా బిడ్డ ఏం జేస్తదో ఇంకోపారి చెప్పున్రి.”