పాటకు రేషన్ కార్డు

స్పాటిఫై ఫ్యామిలీ ప్లాన్‌లో ఆరుగురికి చోటుంది, కాకపోతే ఆరుగురూ ఒకే చిరునామాలో ఉండాలట. అమ్మానాన్నలు తెనాలిలో, కొడుకు కూకట్‌పల్లి హాస్టల్లో, కూతురు డల్లాస్‌లో ఉంటే ఈ లెక్కన అది కుటుంబమే కాదు. రేషన్ బియ్యమైతే ఇప్పుడు దేశంలో ఎక్కడైనా తెచ్చుకోవచ్చు, పాట మాత్రం గుమ్మం దాటకూడదు! డౌన్‌లోడ్లూ అంతే. అయిదు పరికరాల వరకే ముద్దు. ఆరోదాంట్లోకి దించుకున్నామా, అటకెక్కిన ట్యాబ్‌లోని పాటలు హరీ అంటాయి. పైగా 30 రోజులకోసారి నెట్‌కు కలిపి హాజరు వేయించాలి. పెన్షనర్లకైనా లైఫ్ సర్టిఫికెట్ ఏడాదికి ఒక్కటే.

హద్దు లేకపోతే ఒక్క చందాతో వీధంతా వింటుంది, పాడినవాళ్ల నోట్లో మట్టి పడుతుంది అంటారు. నిజమే. కానీ ఒక ఖాతాలో ఒకసారికి ఒక్కచోటే పాట మోగుతుంది. ఫోన్‌లో నొక్కితే హాల్లో స్పీకర్ మూగబోతుంది. నెట్ ఆపేస్తే ఆ తాళం పనిచేయదు కదా అంటే, నెలవారీ హాజరు ఉండనే ఉంది. రెండు తాళాలున్న తలుపుకు ఈ అయిదు పరికరాల గొళ్లెం ఎవరిని ఆపడానికి? దొంగనైతే కాదు, కొత్త ఫోన్ కొన్న పాపానికి చందాదారుణ్ణే. ఇంతా చేస్తే దించుకున్న పాటైనా మనదా? చందా ఆగిన నాడు అదీ నోరు మూస్తుంది.