నాగా లేని కుర్రాడు

సింగరేణి బొగ్గు గనుల సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్న కొత్తగూడెంలో మస్టర్ (హాజరు), నాగా (గైర్హాజరు) అన్న మాటలు తెలియని ఇల్లుండదు. గనుల చట్టం ప్రకారం భూగర్భంలోకి దిగేవాడికి 190 మస్టర్లు పడితేనే ఆ ఏడు పూర్తి సర్వీసు కింద లెక్కయ్యేది. అలాంటి ఊళ్లో, ఒక కార్మికుడి కొడుకు ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఒక్క నాగా లేకుండా బడికొచ్చాడు. పూర్తి హాజరుకని పంద్రాగస్టు నాడు స్టీలు గ్లాసు కూడా బహుమతిగా అందుకున్నాడు.

పాఠం మాత్రం ఒక్కటీ వినలేదు. హాజరు పిలిస్తే అందరికంటే గట్టిగా "ప్రెజెంట్ సార్" అనేవాడు. లెక్కల సారు బోర్డు తుడిచేలోపు సుద్దముక్కలకని బయల్దేరేవాడు. ఇంగ్లీషు పీరియడ్‌లో మధ్యాహ్న భోజనం గిన్నెలు మోసేవాడు. సైన్సు వేళకు మొక్కలకు నీళ్లు పోసేవాడు. పనిదొంగ కాదు, పాఠం దొంగ. అలాంటివాడొకడు సార్లకూ అవసరమే గనక ఎవరూ వెనక్కి పిలవలేదు. ఎనిమిది దాకా ఎవరినీ ఆపకూడదంటూ 2009 విద్యాహక్కు చట్టం తెచ్చిన పద్ధతి అతణ్ణి దాటించింది. తొమ్మిదిని పక్కవాడి పేపరు దాటించింది.

పది పరీక్షలు దగ్గరపడేసరికి హెడ్మాస్టరుకు ఉత్తీర్ణత శాతం గుర్తొచ్చి తండ్రికి కబురు పెట్టారు. రాత్రి షిఫ్టు చేసి, నిద్ర కూడా పోకుండా వచ్చాడాయన. మర్యాద కోసం హెడ్మాస్టరు కిటికీ బయట వెళ్తున్న ఎవరో పిల్లాణ్ణి కేకేసి, రిజిస్టరులోంచి తల ఎత్తకుండానే రెండు టీలు చెప్పారు.

"మీ వాడికి అక్షరం ముక్క రాదయ్యా. నువ్వు అన్‌ఫిట్ అయితే కొలువు వాడికే వస్తుందన్న ధీమానా?"

వారసత్వ ఉద్యోగాలను 2017లో హైకోర్టు కొట్టేసిందనీ, తర్వాత వచ్చిన కారుణ్య నియామకం కావాలంటే తను చావాలి, లేదా పనికిరానివాణ్ణని మెడికల్ బోర్డు తేల్చాలనీ ఆయన చెప్పబోయాడు. హెడ్మాస్టరు చెప్పనివ్వలేదు.

"బడికి పంపితే సరిపోయిందా? మస్టర్ వేసుకొని పని ఎగ్గొడితే మీ బాయిలో ఊరుకుంటారా?"

"ఊరుకోరు సార్. ఇంకో సంగతి కూడా ఉంటది. దిగేటప్పుడు లాంపు రూముల నంబరు రాసుకొని లాంపు ఇస్తరు. షిఫ్టు అయిపోయినంక ఒక్క లాంపు వాపసు రాకున్నా, మనిషి ఏడున్నడో అప్పుడే వెతుకుతరు. తెల్లారేదాకా ఆగరు. మా పిలగాడు మీ దగ్గర ఆరో తరగతిల దిగిండు. అయిదేండ్ల సంది మస్టర్ పడుతనే ఉన్నది. మనిషి పైకి రాలేదని ఇయ్యాల చూసుకున్నరా?"

హెడ్మాస్టరు ముఖం ఎర్రబడింది. "ముందు వాణ్ణి పిలిపిస్తానుండు. ఈ పీరియడ్ లెక్కలు. క్లాసులో లేకపోయాడా, ఇవాళే టీసీ చింపి చేతిలో పెడతా!" అంటూ గంట కొట్టబోయారు.

అంతలో తలుపు తోసుకుని, రెండు గ్లాసులతో ఆ కుర్రాడే లోపలికొచ్చాడు.

"మీరు చెప్పిన టీ, సార్."