తప్పంతా కరెంటోళ్లదే!

శ్రీనగర్ కాలనీలో ఇంటికో ఇంజినీరు. ఇంకేం, కంప్యూటర్ బిగింపు కూడా ఇంట్లోనే!

విడిభాగాల కోసం సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కెళ్లి, గంటసేపు బేరమాడి రెండొందలు తగ్గిస్తారు. ఇంటికొచ్చి మదర్‌బోర్డు సాకెట్‌లో పిన్నులు వంచి పదివేలు వదిలించుకుంటారు.

ప్రాసెసర్ మీద థర్మల్ పేస్టు దోసెకు నెయ్యి పోసినట్టు ధారాళంగా పోస్తారు. కూలర్ అడుగున అంటించిన ప్లాస్టిక్ పొర మాత్రం తీయరు. 'బిగించే ముందు తీసేయండి' అని దాని మీదే రాసి ఉంటుంది. చదివి చేస్తే ఇంజినీరు గొప్పేముంది?

ప్రాసెసర్ వంద డిగ్రీలకెక్కుతుంది. తప్పు హైదరాబాద్ ఎండది.

నలభై వేలు పోసి గ్రాఫిక్స్ కార్డు కొంటారు. మానిటర్ కేబుల్ తీసుకెళ్లి ఆ కార్డుకు బదులు మదర్‌బోర్డుకు గుచ్చుతారు. ఆట ఆగి ఆగి నడుస్తుంది. తప్పు విండోస్‌ది.

అసలు వెలగనే లేదా? తప్పు కరెంటోళ్లది.

చివరికి ఇల్లు ఊడ్చే అమ్మాయి వచ్చి, "ఈ డబ్బా ఎనక స్విచ్చెయ్యలేదు కద సార్!" అంటుంది.

పక్కనే అమీర్‌పేట. మైత్రీవనం చుట్టూ ఏఐ నేర్పుతామనే బోర్డులే. ఫీజు కట్టే ముందు, బాబ్బాబు, ఒక్కసారి పవర్ సప్లై వెనక చెయ్యి పెట్టి చూడండి!