లాగ్ లెవెల్ సూత్రానికి బోరబండ వ్యాఖ్య

మూలం: జాబిక్స్_సర్వర్ -ఆర్ లాగ్_లెవెల్_ఇంక్రీజ్=పోలర్

ఈ సూత్రానికి ఋషి అలెక్సీ వ్లాదిషెవ్, లాత్వియా దేశస్థుడు. ఛందస్సు కమాండ్ లైన్. అధిష్ఠాన దేవత లినక్స్. క్లయింటు పీ1 టికెట్ ఉపశమనార్థం అర్ధరాత్రి జపంలో వినియోగం.

అవతారిక. ఎంఎంటీఎస్‌లో లింగంపల్లి వైపు వెళ్తుంటే బోరబండ తర్వాతి స్టేషనే హైటెక్ సిటీ. సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది, ఈ లోకల్ రైళ్లు 2003లో మొదలయ్యాయి. మాదాపూర్ అద్దెలకు జడిసినవాళ్లు బోరబండ సైట్-1, సైట్-2, సైట్-3 గల్లీల్లో గదులు చూసుకుంటారు. అలాంటి ఒక గదిలో, రాత్రి రెండున్నరకు, చెవిలో బ్రిడ్జ్ కాల్ పెట్టుకుని కూర్చున్న సపోర్ట్ ఇంజినీరే ఈ సూత్రానికి నాయకుడు. వేసవి గనక న్యూయార్కులో అప్పుడు సాయంత్రం ఐదు. క్లయింటు మేనేజరు ఇంటికెళ్లే తొందరలో ఉన్నాడు. డాష్‌బోర్డులో కొన్ని సర్వర్లు ఎర్రబడతాయి, కాసేపటికి వాటంతటవే పచ్చబడతాయి. అవి నిజంగా పడి లేస్తున్నాయా, లేక పడ్డాయని జాబిక్సే పొరబడుతోందా? కాపలావాడి మీదే అనుమానం వచ్చినప్పుడు వాడు రాసుకున్న పుస్తకం తిరగెయ్యక తప్పదు.

ప్రతిపదార్థం. జాబిక్స్_సర్వర్ = ఓ నిఘా సాఫ్ట్‌వేరూ; -ఆర్ = నీవు నడుచుచుండగనే, ఆగకయే; లాగ్_లెవెల్_ఇంక్రీజ్ = నీ రాతను ఒక్క మెట్టు పెంచుము; =పోలర్ = సర్వర్లను పలకరించి సమాచారము తెచ్చు నీ భృత్యులకు మాత్రమే. అని అన్వయం.

ఇందులో ప్రాణమంతా "-ఆర్"లో ఉంది. దాన్ని కాదని కాన్ఫిగ్ ఫైలులో డీబగ్‌లెవెల్ మార్చి సర్వీసును రీస్టార్ట్ చేసేవాళ్లు ఉన్నారు. బ్రిడ్జ్ కాల్‌లో ఎవరో ఒకరు అడగనే అడుగుతారు: "రీస్టార్ట్ చేసి చూశారా అన్నా?" చేస్తే చాలాసార్లు జబ్బు తగ్గుతుంది, జబ్బు ఆనవాలూ పోతుంది. మర్నాడు మూలకారణ నివేదికలో (ఆర్‌సీఏ) "ఇష్యూ రీప్రొడ్యూస్ కాలేదు" అని రాసుకుని, పది రోజులకు మళ్లీ అదే టికెట్‌తో అదే రాత్రి రెండున్నరకు మేల్కోవలసి వస్తుంది. నడుస్తున్నదాన్ని నడుస్తుండగానే చూడాలని సూత్రకారుడి హృదయం.

"=పోలర్" అనే విశేషణం వ్యర్థం కాదు. అది లేకపోతే ట్రాపర్, అలర్టర్, హౌస్‌కీపర్, హిస్టరీ సింకర్ అందరూ ఒకేసారి గొంతెత్తుతారు. జాబిక్స్‌లో మెట్లు 0 నుంచి 5 వరకు. మామూలుగా ఉండేది 3, అంటే హెచ్చరికల మెట్టు. అక్కడ లాగ్ చెప్పేది ముక్తసరి: ఫలానా హోస్టు పలకలేదు, మొదటి నెట్‌వర్క్ ఎర్రర్, 15 సెకన్లు ఆగుతాను. రోగం పేరు తెలిసింది, కారణం తెలియలేదు. 4వ మెట్టు డీబగ్. అక్కడ పోలర్ ఎవరిని అడిగింది, ఏం అడిగింది, ఎంతసేపు ఆగింది, ఏం జవాబొచ్చింది అన్నీ పొల్లుపోకుండా చెబుతుంది.

మరీ పొల్లుపోకుండా చెబుతుందని పూర్వపక్షం. నిజమే. 4వ మెట్టులో ప్రతి ఫంక్షనూ సంస్కృత నాటకంలో పాత్రలాగా లోపలికొస్తూ "ఇన్ గెట్_వాల్యూ()" అంటుంది, బయటికెళ్తూ "ఎండ్ ఆఫ్ గెట్_వాల్యూ(): సక్సీడ్" అంటుంది. డేటాబేసుకు పంపిన ఎస్‌క్యూఎల్ క్వెరీలు కూడా వరుసగా దిగుతాయి. ప్రతి వాక్యానికీ ముందు ప్రాసెస్ నంబరు, తేదీ, గంట, సెకనులో వెయ్యోవంతు. ఆ గంట సర్వరు దేశకాలానిది. బోరబండ గోడగడియారానికీ దానికీ పొంతన ఉండదు. తేదీ కూడా వెనకటి రోజుదే కావచ్చు. ఈ సంగతి మరిచి తప్పు గంటలో గ్రెప్ చేసి "ఏమీ లేదు సార్" అన్నవాళ్లు ఎందరో. ఇందు పునరుక్తి దోషము కలదు.

ఈ దోషం తెలుగు నేలకు కొత్త కాదు, దానికి మందూ ఈ నేలదే. కాళిదాసు కావ్యాలకు సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథ సూరి మెదక్ జిల్లా కొల్చారం వాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన పెట్టుకున్న నియమం. ఏ లాగింగ్ పాలసీ డాక్యుమెంటూ ఇంతకంటే పొదుపుగా చెప్పలేదు. ఎర్రర్లు మాత్రమే రాసే సర్వరు రెండో నియమాన్ని అతిగా పాటిస్తుంది. డీబగ్‌లో పడ్డది మొదటిదాన్ని పాటిస్తుంది గానీ రెండోదాన్ని గాలికొదిలేస్తుంది.

పాఠాంతరాలు. ఇక్కడే వ్యాఖ్యాతలు తలలు పట్టుకుంటారు. 1980ల్లో బర్కిలీలో సెండ్‌మెయిల్ పని మీద ఉన్న ఎరిక్ ఆల్‌మన్ నుంచి వచ్చిన సిస్‌లాగ్ సంప్రదాయంలో 0 అంటే మహాప్రమాదం, 7 అంటే డీబగ్. అంకె పెరిగిన కొద్దీ వాగుడు పెరుగుతుంది. జాబిక్స్ ఆ శాఖదే. పైథాన్ శాఖ దీనికి తలకిందులు: డీబగ్ 10, ఇన్ఫో 20, వార్నింగ్ 30, ఎర్రర్ 40, క్రిటికల్ 50. అక్కడ అంకె పెంచితే నోరు మూతపడుతుంది. మొన్నటిదాకా జాబిక్స్ చూసినవాడు పైథాన్‌లో రాసిన టూల్ మీదికి మారి, బాగా తెలియాలని 50 పెట్టి, లాగ్ ఖాళీగా ఉందేమని తెల్లవార్లూ వెతికితే తప్పు వాడిది కాదు. నాగియోస్‌ది మరో దారి. ఎథన్ గాల్‌స్టాడ్ సృష్టించిన ఆ టూల్‌లో డీబగ్ అంకెలు మెట్లు కావు, కూడికలు: తనిఖీలకు 16, నోటిఫికేషన్లకు 32, రెండూ కావాలంటే 48. అన్నీ కావాలంటే మైనస్ 1. ఇది చదివి ఎవరైనా నాగియోస్ కాన్ఫిగ్ ఫైలులో 4 పెడితే 4వ మెట్టు రాదు, ప్రాసెస్ సమాచారం మాత్రమే వస్తుంది.

ఇక అసలు ప్రమాదం. లాగ్‌ఫైల్‌సైజ్ అనే మరో పదం కాన్ఫిగ్‌లో ఉంది; జాబిక్స్ డీఫాల్ట్ 1 ఎంబీ. ఆ హద్దు దాటగానే ఫైలు పేరు చివర "ఓల్డ్" తగిలి కొత్తది మొదలవుతుంది. అంతకుముందున్న ఓల్డ్ మాయమవుతుంది. పెద్ద సెటప్‌లో డీబగ్ పెడితే ఆ 1 ఎంబీ చూస్తుండగానే నిండిపోతుంది. అంటే సాక్ష్యం కోసం గొంతు పెంచితే, ఆ గొంతే సాక్ష్యాన్ని తుడిచేస్తుంది. ప్యాకేజీ నుంచి ఇన్‌స్టాల్ చేసినచోట ఈ విలువ సాధారణంగా 0, హద్దే లేదు. లాగ్‌రొటేట్ వచ్చేలోపు డిస్కు నిండితే మానిటరింగే పడకేస్తుంది. కనుక మెట్టు ఎక్కేముందు ఈ పదాన్నీ, డిస్కులో ఖాళీనీ చూడాలి.

మరొక పూర్వపక్షం: 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాలు లాగులను 180 రోజులు భద్రపరచమన్నాయి కదా, డీబగ్‌ను అలాగే వదిలేస్తే నష్టమేమిటి? లాగులు ఉండాలన్నారు గానీ డీబగ్‌లో ఉండాలనలేదు. ఇక నష్టమంటారా, 2018 మేలో ట్విట్టర్ 33 కోట్ల మంది వాడుకరులకు పాస్‌వర్డులు మార్చుకోమని చెప్పుకోవలసి వచ్చింది. పాస్‌వర్డును హాష్ చేయకముందే అంతర్గత లాగులో రాసిపెట్టడం కారణం. బ్యాంకు, ఆసుపత్రి క్లయింట్ల సర్వర్లలో అనవసరంగా రాసిన ప్రతి వాక్యాన్నీ ఆరు నెలలు దాచి కాపాడాలంటే ఎవరి తరం?

తాత్పర్యం. ఏ భాగం మీద అనుమానమో దాన్నే, అనుమానం ఉన్నంతసేపే, రీస్టార్ట్ లేకుండా, ఒక్క మెట్టే పెంచవలెను.

మూలంలో లోపం కూడా ఒకటుంది. పెంచడం చెప్పింది, దించడం చెప్పలేదు. "లాగ్_లెవెల్_డిక్రీజ్=పోలర్" అనే రెండో పాదాన్ని వ్యాఖ్యాత అధ్యాహారం చేసుకుని చదవాలి. హైటెక్ సిటీ షిఫ్టుల్లో జారిపోయేది ఈ పాదమే: పెంచినవాడు తెల్లవారి నిద్రపోతాడు, పగటి షిఫ్టువాడికి పెంచిన సంగతే తెలియదు. అందుచేత సపోర్ట్ మిత్రులకు ఒక విన్నపం. ఏ ప్రాసెస్‌కు, ఏ మెట్టు, ఏ టైమ్‌జోన్‌లో ఎన్ని గంటలకు పెంచారో, ఎవరు దించాలో హ్యాండోవర్ మెయిల్లో మొదటి వాక్యంగా రాయండి. దించేదాకా టికెట్ మూయకండి.